రొమ్ములో గడ్డకు ఆగకండి, పీఎస్‌ఏ అంకెకు తొందరపడకండి

మా ఇంటి బీరువాలో రెండు ఫైళ్లున్నాయి. నీలం అట్ట ఫైలు నాయనది, ఎర్ర అట్ట ఫైలు మేనత్తది. అన్నాచెల్లెళ్లిద్దరూ చిత్తూరులో పుట్టి పెరిగారు. పెళ్లయ్యాక అత్త పలమనేరు వెళ్లింది. రెండేళ్ల తేడాతో నాయనకు ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్, అత్తకు రొమ్ము క్యాన్సర్ బయటపడ్డాయి.

ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ గట్టిగా తగులుతున్న సంగతి అత్త ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. కూతురి పెళ్లి అయిపోనీ అనుకుంది. నాయన విషయం దీనికి పూర్తిగా తలకిందులు. పీఎస్‌ఏ, అంటే ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చెప్పే ఒక్క పరీక్ష అంకె విని ఇంటిల్లిపాదీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వారం తిరిగేలోగా ఆపరేషన్ చేయించేయాలని బాబాయి పట్టుబట్టాడు. తొందరపడాల్సిన చోట ఆగాం, ఆగాల్సిన చోట పరుగెత్తబోయాం. ఆసుపత్రి వరండాల్లో నా పక్కన కూర్చున్న చాలా కుటుంబాలు ఇదే మాట చెప్పాయి. అందుకే ఈ రెండు జబ్బుల్లో ఎదురయ్యే ఎంపికలను పక్కపక్కన పెట్టి, పరిశోధనలు ఏం తేల్చాయో, ఎవరికి ఏది నప్పుతుందో రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను. ఈ రెండు ఫైళ్లు మోస్తూ, అందులోని ప్రతి కాగితం గురించీ అడిగి తెలుసుకున్న మనిషిని.

చేతి పరీక్షా, మామోగ్రామా, స్కానింగా?

గడ్డ చేతికి తగిలాక ఇక ఎంపిక లేదు. ఆ వారంలోనే సర్జన్‌కు చూపించాలి. రొమ్ములో తగిలే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు, నిజమే. కానీ ఆ మాట పరీక్ష చెప్పాలి, మన ధైర్యం చెప్పకూడదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పుట్టదు. మా అత్తను మోసం చేసింది అదే. చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, మొన నుంచి రక్తం కలిసిన ద్రవం రావడం, చంకలో గడ్డ తగలడం, వీటిలో ఏది కనిపించినా అంతే.

ఏ లక్షణమూ లేని ఆడవాళ్లకే అసలు ఎంపిక. మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే. 50 దాటినవారిలో ఇది బాగా పనిచేస్తుంది. వయసులో ఉన్నవారి రొమ్ములో కణజాలం దట్టంగా ఉంటుంది. ఫిల్ములో అదీ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. అందుకే 40లోపు వారికి గడ్డ ఉందన్న అనుమానం వస్తే డాక్టర్లు ముందు అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాస్తారు. 50 దాటినవారు మాత్రం నొక్కితే నొప్పి అని మామోగ్రామ్ మానేసి, స్కానింగ్ ఒక్కటీ చేయించుకుని ఊరుకోకూడదు. సున్నపు రేణువుల్లా కనిపించే తొలి గుర్తులను పట్టడంలో స్కానింగ్ మామోగ్రామ్‌కు సాటి రాదు.

మరి మామోగ్రామ్ యంత్రం లేని మండలాల సంగతేమిటి? దీనికి జవాబు మన దేశంలోనే, ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు వెతికారు. 1998లో మొదలుపెట్టి, మురికివాడల్లో నివసించే 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 1,51,538 మంది మహిళలను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ప్రచురించిన ఫలితం ప్రకారం, పరీక్ష జరిగిన వర్గంలో జబ్బు ముదరకముందే దొరికింది. 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50లోపు వారిలో మరణాలు అలా తగ్గలేదు, ఇది కూడా చెప్పుకోవాలి. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కాదు, కొన్ని వారాలు శిక్షణ తీసుకున్న మామూలు ఆడవాళ్లు. ఈ అధ్యయనం గురించి చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. 30 దాటిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేసే పరీక్షల్లో రొమ్ము పరీక్ష కూడా ఉంది. ఏఎన్‌ఎం పిలిస్తే సిగ్గుపడి తప్పించుకోకండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వారి పింక్ బస్సు, అంటే ఊళ్లకు వచ్చి క్యాన్సర్ పరీక్షలు చేసే బస్సు, మీ ఊరికి వస్తే ఆ ఒక్క పూట పని మానుకోండి.

ఎవరికి వారు చేసుకునే పరీక్ష సరిపోదా అని అడుగుతారు. చైనాలోని షాంఘైలో 2,66,064 మంది మిల్లు కార్మికురాళ్లపై ఈ ప్రశ్ననే పరీక్షించారు. స్వయంపరీక్ష నేర్పినవారిలో మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. ఒంట్లో మార్పు వస్తే తెలియాలి కాబట్టి చూసుకోవడం మంచిదే. అదొక్కటీ చాలనుకోవడమే ప్రమాదం.

కృత్రిమ మేధతో మామోగ్రామ్ చదివే పద్ధతి గురించి కూడా పత్రికల్లో వస్తోంది. స్వీడన్‌లో లక్ష మందికి పైగా మహిళలపై చేసిన అధ్యయనంలో రేడియాలజిస్టుల చదివే పని 44 శాతం తగ్గి, క్యాన్సర్లు ఎక్కువగానే దొరికాయి. మంచి కబురే. మన దగ్గర మాత్రం ఫిల్ము చదివే యంత్రం కోసం చూడకండి, ఫిల్ము తీయించుకోవడానికి వెళ్లండి.

సూది ముందు, కత్తి తరువాత

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. మా అత్త ఎక్కువ నష్టపోయింది ఇక్కడే.

గడ్డ ఏమిటో తేల్చడానికి మూడు దారులు. సన్నని సూదితో కొన్ని కణాలు లాగి చూడటం మొదటిది. కొంచెం లావు సూదితో దారంలాంటి ముక్కలు తీయడం రెండోది, దీన్నే కోర్ బయాప్సీ అంటారు. నేరుగా గడ్డంతా కోసి తీసి పరీక్షకు పంపడం మూడోది. సన్నని సూది చవక, త్వరగా అయిపోతుంది. కానీ క్యాన్సర్ కణాలున్నాయో లేవో చెప్పడంతో దాని పని దాదాపు అయిపోతుంది. కోర్ బయాప్సీ ముక్కలో కణజాలం అమరిక కనిపిస్తుంది. జబ్బు కణాల్లో హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు, కణాలను త్వరగా పెంచే హెర్2 అనే ప్రొటీన్ ఉన్నాయా అని చూసే పరీక్షలు దానిమీదే చేస్తారు. మందుల ఎంపికంతా ఆ రెండింటి మీదే నిలబడుతుంది. చికిత్స మొదలవకముందే జబ్బు రకం తెలిస్తే, ముందు కీమో ఇచ్చి గడ్డను కుదించాలా, ముందే ఆపరేషన్ చేయాలా అన్నది ఆలోచించుకునే వీలుంటుంది. కాబట్టి నా మాట ఒక్కటే: రొమ్ములో అనుమానపు గడ్డకు కోర్ బయాప్సీ అడగండి.

అత్తకు మూడో దారే చేశారు. ‘చిన్న గడ్డే, అరగంటలో తీసేస్తాం’ అన్నారు ఒక నర్సింగ్ హోంలో. తీశారు. తీసిన ముక్కను చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయాల్సింది, సెలైన్ సీసాలో వేసి మా చేతికిచ్చారు. మర్నాడు మధ్యాహ్నం నేను దాన్ని ల్యాబ్ బల్ల మీద పెట్టినప్పుడు అక్కడి ఉద్యోగిని మూత తీసి వాసన చూసి, నా ముఖం వైపు కాసేపు చూసింది. ముక్క మెత్తబడిపోయింది. క్యాన్సర్ అని చెప్పగలిగారు గానీ రిసెప్టర్ పరీక్షలకు అది పనికిరాలేదు. అంచుల్లో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. అత్త మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కింది. ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది నేనే కాబట్టి, ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ముక్క తీసే ముందే ‘దేంట్లో వేస్తారు, ఏ ల్యాబ్‌కు పంపుతారు’ అని అడగండి. పరీక్ష అయ్యాక మైనపు దిమ్మలో నిలవచేసిన ముక్కను బ్లాకు అంటారు. రెండో ఆసుపత్రికి వెళ్లాలంటే రిపోర్టు కాగితంతో పాటు బ్లాకు, స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్లాలి. అవి ఉంటే మళ్లీ సూది పొడవకుండా అక్కడివాళ్లు వాటినే పరీక్షించుకుంటారు.

రొమ్ము తీసేయాలా, గడ్డ మటుకే తీయాలా?

మొత్తం తీసేస్తేనే బతుకుతామన్న నమ్మకం మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. ఇది వైద్యుల్లోనూ దాదాపు వందేళ్లు ఉన్న నమ్మకమే. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం దీన్ని పరీక్షకు పెట్టి 1,851 మంది మహిళలను 20 ఏళ్లపాటు గమనించింది. 2002లో ఫలితం వచ్చింది. రొమ్మంతా తీసినవారూ, గడ్డ వరకే తీయించుకున్నవారూ ఒకేలా బతికారు. అయితే గడ్డ మాత్రమే తీసి కరెంటు పెట్టనివారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది. కరెంటు పెట్టినవారిలో అది 14 శాతం.

కరెంటు అంటే రేడియేషన్. మన వైపు అందరూ ఇలాగే అంటారు, నేనూ ఇలాగే రాస్తాను. ఎంపిక ఇక్కడ తేటతెల్లం. గడ్డ చిన్నదై, ఒకేచోట ఉండి, కరెంటుకు చివరిదాకా వెళ్లగలిగితే రొమ్మును నిలుపుకోవచ్చు. గడ్డ రొమ్ము పరిమాణానికి మించి పెద్దదైనా, రెండు మూడు చోట్ల ఉన్నా, కరెంటుకు వెళ్లే వీలు లేకపోయినా తీసేయడమే మేలు. తీసేసినా కొందరికి కరెంటు తప్పదు. ఈ నిర్ణయం అత్తగారూ భర్తా కలిసి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. ఒళ్లు ఎవరిదో వాళ్లను అడగండి.

‘కరెంటుకు వెళ్లే వీలు’ అన్న మాట వెనుక రోజుల లెక్క ఉంది. పాత పద్ధతిలో ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు. తరువాతి పరిశోధనలు దాన్ని మూడు వారాలకు, 15 విడతలకు తగ్గించాయి. బ్రిటన్‌లో 4,096 మందితో చేసిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం 2020లో ఇంకో అడుగు వేసింది. మొత్తం 26 గ్రే (కరెంటును కొలిచే లెక్క) మోతాదును ఒకే వారంలో ఐదు విడతల్లో ఇచ్చినా, మూడు వారాల పద్ధతికి తీసిపోదని ఐదేళ్ల ఫలితాలు చూపాయి. కుప్పం నుంచో సత్యవేడు నుంచో వచ్చే మనిషికి ఇది ఎంత తేడానో ఆలోచించండి. అత్తకు 15 విడతలు పెట్టారు. తిరుపతిలో గది అద్దెకు తీసుకుని మూడు వారాలున్నాం. విడత పది నిమిషాలు కూడా పట్టదు. మిగతా రోజంతా గది అద్దె, ఇద్దరి తిండి, ఆటో ఛార్జీ, మామ పోగొట్టుకున్న కూలి. చంక గ్రంథులకూ కరెంటు అవసరమైనవారికి ఒక వారం పద్ధతి నప్పకపోవచ్చు. అయినా ‘నాకు ఎన్ని విడతలు? తక్కువ విడతల పద్ధతి కుదురుతుందా?’ అని అడగడం మీ హక్కు.

ఇంకో చిన్న సంగతి. ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ అనే మామూలు మత్తుమందు సూది వేస్తే ఐదేళ్లు బతికినవారి శాతం 86.4 నుంచి 90.1కి పెరిగిందని టాటా మెమోరియల్‌కు చెందిన డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం 2023లో ప్రచురించింది. ఆ మందు ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ ఉంటుంది, ధరా చాలా తక్కువ. మర్యాదగా ఒక మాట సర్జన్‌ను అడగండి.

మందులు, జుట్టు

మందుల భాగంలో మన చేతిలో ఎంపిక తక్కువ, రిపోర్టు చేతిలో ఎక్కువ. హార్మోన్ రిసెప్టర్లు ఉంటే ఐదేళ్లు, కొందరికి పదేళ్లు, టామాక్సిఫెన్ లాంటి మాత్రలు వాడాలి. చవక మాత్ర కదా అని మధ్యలో మానేయకూడదు. హెర్2 ఎక్కువగా ఉంటే ట్రాస్టూజుమాబ్ సూదులు. ఒకప్పుడు వీటి ధర ఆస్తులు అమ్మించేది, దేశంలోనే తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన మందులు, వచ్చాక తగ్గింది. హార్మోన్ రకమై, హెర్2 లేక, చంక గ్రంథులకు పాకని వారికి కీమో నిజంగా అవసరమా అని తేల్చే జన్యు పరీక్షలున్నాయి. 10,273 మందితో జరిగి 2018లో ఫలితాలు వెలువడిన అధ్యయనం, మధ్యస్థ స్కోరు వచ్చినవారిలో చాలామందికి, ముఖ్యంగా ముట్లుడిగిన వారికి, కీమో వల్ల అదనపు లాభం లేదని చూపింది. పరీక్ష ఖరీదైనది. కీమో వేయాలా వద్దా అని డాక్టరే ఊగిసలాడుతున్నప్పుడు ఆ ఖర్చు దండగ కాదు. కీమో ఎలాగూ తప్పనివారికి అది అనవసరం.

కీమో అనగానే అత్త అడిగిన మొదటి ప్రశ్న జుట్టు గురించే. మొదటి సూది పడిన రెండు మూడు వారాలకు రాలుతుందన్నారు. సూదికి నాలుగు రోజుల ముందు అత్త కొండకు వెళ్దామంది. కల్యాణకట్టలో కూర్చుని, ‘దిండు మీద రాలేది స్వామికే ఇస్తా’ అంది. నడుము దాటిన జడ. కీమో మొదలయ్యాక తెల్లకణాలు తగ్గుతాయి, గుండు గీసేటప్పుడు గాటు పడినా ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంటుంది. మొక్కుకోవాలనుకునేవారు ముందే వెళ్లిరండి.

ఇప్పుడు నాయన ఫైలు

నాయనకు 66 ఏళ్లు. మూత్రం సన్నగా రావడం, రాత్రి నాలుగైదు సార్లు లేవడం వల్ల రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. హెల్త్ ప్యాకేజీలో పీఎస్‌ఏ 3.6 అని వచ్చింది. 4లోపు మామూలే అని రిపోర్టులోనే అచ్చువేసి ఉంది. తిరుపతిలో యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి, మాత్రల చీటీ అడిగి చూశాడు. అందులో డ్యుటాస్టెరైడ్ ఉంది. ఈ మాత్ర, దీని తోబుట్టువు ఫినాస్టెరైడ్, ఆరు నెలలకు పైగా వాడితే పీఎస్‌ఏను దాదాపు సగానికి దించుతాయి. ‘దీన్ని ఏడుగా లెక్కపెట్టండి పెద్దాయనా’ అన్నాడాయన. పీఎస్‌ఏ రిపోర్టు చేత్తో పట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ముందు మాత్రల చీటీ చూడాలి.

అంకె పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. గ్రంథి వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఈ మధ్యే గొట్టం వేసి ఉండటం, పరీక్షకు ముందు రెండు రోజుల్లోపు వీర్యస్ఖలనం, ఎక్కువసేపు సైకిల్ తొక్కడం, ఇవన్నీ పీఎస్‌ఏను పెంచుతాయి. అందుకే ఒక్క అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. మూత్రం ఇబ్బంది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కూడా కాదు. వయసు మీద పడ్డాక గ్రంథి ఉబ్బడం మామూలు విషయం.

అసలు లక్షణాలు లేని మగవాళ్లందరూ పీఎస్‌ఏ చేయించుకోవాలా? ఐరోపా దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన 456 మందిలో ఒక మరణం తప్పింది, ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. లాభం నిజమే, కానీ చిన్నది. దానితో పాటు, ఎప్పటికీ హాని చేయని మందకొడి క్యాన్సర్లు కూడా బయటపడి మనుషులను భయపెడతాయి. నా సలహా: 50 నుంచి 70 మధ్య ఉండి, ఇంకా పదిపదిహేనేళ్లు ఆరోగ్యంగా బతికే అవకాశం ఉండి, ‘అంకె ఎక్కువ వస్తే తరువాతి అడుగు ఏమిటి’ అని ముందే డాక్టరుతో మాట్లాడుకున్నవారు చేయించుకోవచ్చు. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే 45 నుంచే ఆలోచించాలి. 80 ఏళ్ల తాతకు ప్యాకేజీలో కలిసి వచ్చిందని చేయించకండి.

అంకె రెండోసారీ ఎక్కువే వస్తే నేరుగా బయాప్సీనా, ముందు ఎంఆర్‌ఐనా? ఇక్కడ పరిశోధన మాట స్పష్టంగా ఉంది. 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం, ముందుగా ఎంఆర్‌ఐ చేస్తే నాలుగింట ఒక వంతు మందికి పైగా బయాప్సీ తప్పించుకోవచ్చని చూపింది. 2018లో 500 మందితో చేసిన మరో అధ్యయనంలో ఎంఆర్‌ఐ చూసి గురిపెట్టి తీసిన ముక్కల్లో 38 శాతం మందిలో ముఖ్యమైన క్యాన్సర్ దొరికింది. గురి లేకుండా 10, 12 చోట్ల పొడిచే పాత పద్ధతిలో దొరికింది 26 శాతం మందిలోనే. అనవసరపు మందకొడి క్యాన్సర్లు కూడా తక్కువ బయటపడ్డాయి. ఎంఆర్‌ఐ ఖర్చే, అయినా ఇక్కడ పెట్టాల్సిన ఖర్చు. సూది మలద్వారం గుండా కాకుండా వృషణాల వెనుక చర్మం గుండా వేసే పద్ధతి దొరికితే ఇన్ఫెక్షన్ భయం తక్కువ, అది అడగండి.

ఆపరేషనా, కరెంటా, కనిపెట్టి ఉండటమా?

నాయన బయాప్సీలో రెండు ముక్కల్లో గ్లీసన్ (జబ్బు ఎంత ఉద్ధృతమో చెప్పే స్కోరు) 3+3 వచ్చింది. అంటే 6, ప్రొస్టేట్ క్యాన్సర్లలో అన్నిటికన్నా మెతకది. బాబాయి అప్పటికే ఆపరేషన్‌కు డబ్బు సర్దాడు.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనం ఇలాంటి తొలిదశ రోగులు 1,643 మందిని మూడు వర్గాలుగా చేసి 15 ఏళ్లు చూసింది. 2023లో వచ్చిన లెక్క ఇది. వెంటనే చికిత్స చేయకుండా పరీక్షలతో కనిపెట్టి ఉన్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు 3.1 శాతం, ఆపరేషన్ వర్గంలో 2.2, కరెంటు వర్గంలో 2.9. ఈ మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కనిపెట్టి ఉన్నవారిలో జబ్బు ఇతర చోట్లకు పాకడం ఎక్కువ, 9.4 శాతం. మిగతా రెండు వర్గాల్లో అది 5 శాతానికి అటూ ఇటూ. 15 ఏళ్లలో కనిపెట్టి ఉన్నవారిలో సగానికి పైగా చివరికి ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. మరో పక్క, ఆపరేషన్ అయినవారిలో ఏడో ఏడాది నుంచి పన్నెండో ఏడాది దాకా 18 నుంచి 24 శాతం మంది మూత్రం కారడం వల్ల ప్యాడ్లు వాడారు. కరెంటు వర్గంలో అది 3 నుంచి 8 శాతమే, కానీ మలం అదుపు తప్పే ఇబ్బంది ఎక్కువ.

నాయన రోజూ తెల్లవారుజామున గుడికి నడిచి వెళ్లే మనిషి. ‘పంచె తడుస్తుందేమోనన్న భయంతో గుళ్లో కూర్చోలేను’ అన్నాడు. కనిపెట్టి ఉండటమే ఎంచుకున్నాం. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, డాక్టర్ చెప్పినప్పుడు ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ. దీన్ని చికిత్స మానేయడం అనుకోవద్దు, తేదీ తప్పితే పని చెడుతుంది. మందులు, పరీక్షల తేదీలు గుర్తుంచుకునే మనిషి ఇంట్లో లేకపోతే ఈ దారి ఎంచుకోకండి. గ్లీసన్ 8 ఆపైన వచ్చినవారికి, పీఎస్‌ఏ 20 దాటినవారికి ఈ లెక్కలు వర్తించవు. వారికి ఆలస్యం హానే. ఆపరేషన్ వద్దనుకునేవారికి ఇక్కడా కరెంటు రోజులు తగ్గాయి. 37 విడతలకు బదులు 20 విడతలు చాలని 2016లో తేలింది. తగిన యంత్రం ఉన్నచోట, తగిన రోగులకు ఐదు విడతలు కూడా పెడుతున్నారు.

ఎముకలకు పాకిన దశలో వచ్చేవారూ మన దగ్గర చాలామందే. నడుము నొప్పి అనుకుని నెలల తరబడి తైలాలు రాసుకుని వస్తారు. ఈ జబ్బు మగ హార్మోన్ మీద బతుకుతుందని చార్లెస్ హగిన్స్ 1941లో చూపాడు, ఆ పనికే 1966లో నోబెల్ వచ్చింది. హార్మోన్ ఆపడానికి రెండు దారులు: మూడు నెలలకోసారి సూది, లేదా ఒకేసారి చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయడం. పనితనంలో రెండూ సమానం. సూదికి జీవితాంతం తిరగాలి, ఖర్చు పెట్టాలి. ఆపరేషన్ ఒక్కసారే, కానీ వెనక్కి తీసుకోలేం, మనసుకు బరువు. దూరాభారం, డబ్బు ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు ఆపరేషన్ మంచి దారి. ఆ మాట వాళ్లతో ఒంటరిగా, గౌరవంగా మాట్లాడాలి. దీనికి తోడు అబిరాటెరాన్ మాత్రలు ఆయుష్షు పెంచుతాయని 2017లో రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. మామూలుగా రోజుకు 1,000 మిల్లీగ్రాములు పరగడుపున వేసుకోవాలి. కొద్దిపాటి ఫలహారంతో 250 మిల్లీగ్రాములు వేసుకున్నా పీఎస్‌ఏ అంతే తగ్గిందని 2018లో 72 మందితో చేసిన చిన్న అధ్యయనం చెప్పింది. ఖర్చు భరించలేక మధ్యలో మానేసే పరిస్థితి వస్తే, మానేయకముందు ఈ దారి గురించి డాక్టర్ను అడగండి. సొంతంగా మాత్రలు తగ్గించకండి. పూర్తి మోతాదును అన్నం తిన్నాక అసలు వేసుకోకండి.

తిరుపతా, వేలూరా, చెన్నైనా?

తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ ఉంది. టాటా ట్రస్టులూ టీటీడీ కలిసి నెలకొల్పిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో తెరుచుకుంది. చిత్తూరు నుంచి వేలూరు 40 కిలోమీటర్లలోపే, తిరుపతి సుమారు 70. అందుకే మా వైపు జనం వేలూరులోని సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికే ముందు పరుగెడతారు. చెన్నై అడయార్‌లో 1954 నుంచి క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

పేరు చూసి ఎంచుకోవద్దని నా మనవి. రెండో అభిప్రాయం కోసం ఒక్కసారి దూరం వెళ్లినా ఫర్వాలేదు. కానీ కరెంటు, కీమో లాంటి పదేపదే తిరిగే పనులు ఇంటికి దగ్గరగా పెట్టుకోండి. సగంలో ఆగిపోయిన చికిత్సల వెనుక ఎక్కువగా నేను విన్న కారణం ఛార్జీలే. ఎన్టీఆర్ వైద్యసేవ, మొన్నటి ఆరోగ్యశ్రీ, ఆ ఆసుపత్రిలో మీ చికిత్సకు వర్తిస్తుందా లేదా అన్నది ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే పథకం కౌంటరులో అడగాలి. సరిహద్దు దాటాక ఆ లెక్క మారుతుంది.

పెద్ద ఆసుపత్రుల్లో ‘మా పరిశోధనలో చేరతారా’ అని అడగవచ్చు. మా మీద ప్రయోగాలా అని లేచి వచ్చేయకండి. పైన నేను రాసిన ప్రతి అంకె వెనుక అలా ఒప్పుకున్న వేలమంది ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు. కాగితం తెలుగులో ఇమ్మనండి. చేరకపోతే వచ్చే మామూలు చికిత్స ఏమిటి, చేరితే అదనంగా ఎన్నిసార్లు రావాలి, ఖర్చు ఎవరిది, హాని జరిగితే చూసేదెవరు, మధ్యలో మానుకోవచ్చా అని అడగండి. మన దేశంలో ఇలాంటి ప్రయోగాలు ముందుగా ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ నంబరు కూడా అడగండి. ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పనిచోట సంతకం పెట్టకండి.

రెండు ఫైళ్లు ఒకే బల్ల మీద

అత్త చికిత్స నడుస్తుండగా క్యాన్సర్ డాక్టరమ్మ, ‘రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా?’ అని అడిగింది. మా అన్నకు ప్రొస్టేట్ అని అత్త చెప్పగానే ఆమె రాయడం ఆపి తలెత్తింది. చెల్లెలి రొమ్ముకూ అన్న ప్రొస్టేట్‌కూ సంబంధం ఏమిటని మేం ఆశ్చర్యపోయాం. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం వంశంలో దిగితే ఆడవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు, మగవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మగవాళ్లలో వస్తే తరచూ ఉద్ధృతంగా ఉంటుంది. ఆ లోపం ఉన్నవారికి, జబ్బు తగిన దశలో ఉంటే, ఓలాపరిబ్ అనే మందు రెండు క్యాన్సర్లలోనూ పనిచేస్తుంది. లోపం తండ్రి వైపు నుంచీ దిగుతుంది, తల్లి వైపు మాత్రమే లెక్కపెట్టుకోకూడదు.

పరీక్ష ఎవరికి ముందు చేయాలన్నది కూడా ఒక ఎంపికే. ఆరోగ్యంగా ఉన్న కూతురికి ముందు చేయిస్తామని మామ అన్నాడు. జబ్బు వచ్చిన మనిషికే ముందు చేయాలి, అక్కడ ఏమి కనిపిస్తుందో తెలిస్తేనే మిగతావారిలో దేన్ని వెతకాలో తెలుస్తుందని డాక్టరమ్మ వివరించింది. 47 ఏళ్లకే జబ్బు వచ్చింది కాబట్టి అత్త రక్తమే పంపారు. తెలిసిన లోపం ఏదీ కనబడలేదు.

అయినా కూతురికి ఏటా ఒకసారి డాక్టరు చేతి పరీక్ష, తల్లికి జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచి, అంటే 37 నుంచి, మామోగ్రామ్ అని చెప్పి పంపారు. మా మరదలికి ఇప్పుడు 26. ఎర్ర ఫైలు చివరి పేజీలో పెన్సిలుతో 2036 అని రాసి, కింద గీత గీసి పెట్టుకుంది.